నూనె కాలినట్టు కరెంటు కాలదు

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది ఒడిశాలో గజపతి జిల్లా కాశీనగర్. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. పదో తరగతి వరకు ఒడియా మీడియంలో చదివాను. ఇప్పుడు ప్లస్ టూ సైన్స్ రెండో సంవత్సరం, పుస్తకాలన్నీ ఇంగ్లీషు. తెలుగు రాయడం మా నాయనమ్మ నేర్పింది, తప్పులుంటే క్షమించండి. ఫిజిక్స్‌లో కరెంటు, అయస్కాంతం పాఠాలంటేనే నాకు టెన్షన్. లెక్కలు చేస్తాను, జవాబులూ వస్తాయి, కానీ లోపల ఏం జరుగుతోందో తెలియదు. తీగలో ఎలక్ట్రాన్లు నత్త కంటే నెమ్మదిగా నడుస్తాయట. మరి స్విచ్ వేయగానే లైటు ఎలా వెలుగుతుంది? బల్బులోకి వెళ్లిన కరెంటు మొత్తం తిరిగి బయటికి వచ్చేస్తుందని మా సార్ చెప్పారు. అలాగైతే బిల్లు దేనికి కడుతున్నాం? మా ఇల్లు వీధి చివర. సాయంత్రం ఏడు దాటితే ఫ్యాను ఈడ్చుకుంటూ తిరుగుతుంది. ‘కరెంటు తక్కువొస్తోంది’ అంటారు నాన్న. దానికీ పాఠానికీ సంబంధం ఉందా? అసలు కరెంటునీ అయస్కాంతాన్నీ కలిపి ఎందుకు చెబుతారో, ఆ కుడిచెయ్యి ఎడమచెయ్యి సూత్రాలు ఎందుకో కూడా చెప్పండి. పరీక్షలు దగ్గర పడ్డాయి.

జవాబు: అమ్మా, నీ ఉత్తరంలో రెండు మూడు ఒత్తులు జారాయి, అంతే. నాయనమ్మకు నా నమస్కారం చెప్పు. నీ ప్రశ్నలన్నీ మంచివే, అందులో బిల్లు ప్రశ్న మరీ మంచిది. ముప్పయ్యేళ్లు ఫిజిక్స్ పాఠం చెప్పాను. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న పిల్లల్లో కూడా ఆ ప్రశ్న అడిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

నీ చిక్కులో సగం ఒక్క మాటలో ఉంది. కరెంటు అనే మాటలో. మన ఇళ్లలో కరెంటు పోయింది అంటాం. కరెంటు తక్కువొస్తోంది అంటాం. కరెంటు బిల్లు, కరెంటు షాక్, ‘పగలు లైటు వేసి కరెంటు కాల్చేస్తున్నావు’ అని తిట్లు. ఇన్ని చోట్ల మాట ఒకటే, దాని వెనకున్న సంగతులు వేరు. పోయేది సరఫరా. తక్కువయ్యేది వోల్టేజీ. బిల్లు పడేది ఎనర్జీకి. షాక్ కొట్టినప్పుడు ఒంట్లోంచి పోయేది మాత్రం నిజంగా కరెంటే. ఇక కాలడం అంటావా, దీపంలో నూనె కాలినట్టు కరెంటు కాలదు. ఆ మాట చిన్నప్పటి నుంచి విని విని, బల్బు కరెంటును తినేస్తుందన్న బొమ్మ మన మనసులో పడిపోయింది. పుస్తకం దానికి అడ్డం చెప్పేసరికి తికమక.

పుస్తకంలో కరెంట్ అన్న మాటకు ఒక్కటే అర్థం. తీగలో ఒక చోట కాపలా కూర్చుని చూస్తే సెకనుకు ఎంత చార్జి, అంటే విద్యుదావేశం, దాటిపోతోంది అన్నది. చార్జిని కూలూంబుల్లో కొలుస్తారు. సెకనుకు ఒక కూలూంబు దాటితే ఒక ఆంపియరు. మీ బడిలో విద్యుత్ స్రోత అని చదివి ఉంటావు, తెలుగు పుస్తకాల్లో విద్యుత్ ప్రవాహం అంటారు. రెండిట్లోనూ పారేది అన్న అర్థం కళ్ల ముందే ఉంది. ఇంగ్లీషు పుస్తకంలో కరెంట్ అని కనబడిన ప్రతిచోటా మనసులో ప్రవాహం అని చదువుకో. ఈ ఒక్క అలవాటుతో చాలా ముళ్లు వాటంతటవే వీడతాయి.

ఇప్పుడు బిల్లు సంగతి. బెల్టుతో నడిచే పాత పిండి మర నువ్వు చూసే ఉంటావు. ఈసారి బియ్యం ఆడించడానికి వెళ్లినప్పుడు కాస్త దూరంగా నిలబడి ఆ బెల్టును చూడు. మోటారు చక్రానికీ మర చక్రానికీ మధ్య అది తిరుగుతూ ఉంటుంది. మోటారు లాగుతున్న వైపు బెల్టు బిగుసుకుని ఉంటుంది, రెండో వైపు కొంచెం వదులుగా, ఊగుతూ ఉంటుంది. గంటసేపు తిరిగినా బెల్టులో అంగుళం తరగదు. మర దగ్గరికి ఎంత బెల్టు వెళ్తే అంతా తిరిగి మోటారు దగ్గరికి వచ్చేస్తుంది. అయినా బియ్యం పిండి అవుతున్నాయి. అంటే బెల్టు ఖర్చు కాకుండానే, బెల్టు ద్వారా ఏదో ఇక్కడి నుంచి అక్కడికి చేరుతోంది. అదే ఎనర్జీ. మరాయన డబ్బు తీసుకునేది దానికే.

తీగలోని ప్రవాహం ఆ బెల్టు లాంటిది. బెల్టు వేగం స్థానంలో ఆంపియర్లు పెట్టుకో. బిగుతు వైపుకీ వదులు వైపుకీ మధ్య ఉన్న తేడా స్థానంలో వోల్టులు పెట్టుకో. బెల్టు అందించే పవర్ కావాలంటే ఇంజనీర్లు ఆ బిగువుల తేడాను బెల్టు వేగంతో గుణిస్తారు. మనం వోల్టులను ఆంపియర్లతో గుణిస్తాం. లెక్క కూడా ఒకే అచ్చు. వదులు వైపు బెల్టు లేకపోతే మర ఎలా తిరగదో, తిరుగు తీగ లేకపోతే బల్బు అలాగే వెలగదు. మీటరులో తిరిగే యూనిట్ అంటే 1000 వాట్ల పవర్ గంటసేపు, అంటే 36 లక్షల జౌళ్లు (జౌల్ అంటే ఎనర్జీకి కొలత). 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు సుమారు 111 గంటలు వెలిగితే ఒక యూనిట్. నాన్నగారు కట్టే డబ్బు ఆ జౌళ్లకు.

నత్త ప్రశ్నకు కూడా జవాబు ఆ బెల్టులోనే ఉంది. ముందు నత్త ఎంత నెమ్మదో లెక్క కట్టి చూద్దాం, నోటి మాటగా వదిలేస్తే నమ్మకం కుదరదు. అడ్డంగా కోస్తే ఒక చదరపు మిల్లీమీటరు వైశాల్యం ఉన్న రాగి తీగలో ఒక ఆంపియరు పారుతోందనుకో. రాగిలో ఘనపు మీటరుకు 8.5 ఇంటూ పది టు ది పవర్ 28 స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఒక్కోదాని చార్జి 1.6 ఇంటూ పది టు ది పవర్ మైనస్ 19 కూలూంబులు. ఐ ఈక్వల్ టు ఎన్ ఎ ఇ వి (ప్రవాహం = ఎలక్ట్రాన్ల సాంద్రత ఇంటూ తీగ వైశాల్యం ఇంటూ ఒక్కోదాని చార్జి ఇంటూ వేగం) అన్న సూత్రంలో వేస్తే వేగం సెకనుకు 0.07 మిల్లీమీటరు. గంటకు జానెడు పైచిలుకు! నత్తే నయం.

మరి లైటు? మర బెల్టు మీద మోటారు దగ్గర ఒక సున్నం చుక్క పెట్టావనుకో. ఆ చుక్క ప్రయాణం చేసి మర దాకా చేరాకే రాళ్లు తిరగడం మొదలవుతుందా? కాదు కదా. బెల్టు మొత్తం అప్పటికే పరిచి ఉంది కాబట్టి మోటారు కదలగానే అవతల చక్రం కదులుతుంది. తీగ కూడా అంతే, స్విచ్ వేయకముందే ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఎలక్ట్రాన్లతో నిండి ఉంది. స్విచ్ వేయగానే పరిగెత్తేది విద్యుత్ క్షేత్రం. అది తీగ వెంబడి కాంతి వేగానికి దగ్గర్లో, అంటే సెకనుకు లక్షల కిలోమీటర్ల లెక్కన పోతుంది. దాని తోపుకు అన్ని చోట్లా ఎలక్ట్రాన్లు దాదాపు ఒకేసారి కదలడం మొదలుపెడతాయి. బల్బులో వెలుగు తెచ్చేది బల్బులో ముందు నుంచీ ఉన్న ఎలక్ట్రాన్లే.

ఇంట్లోకి వచ్చేది ఏసీ, అంటే అటూ ఇటూ దిక్కు మార్చే ప్రవాహం కాబట్టి ఇంకో వింత ఉంది. సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ. నేను పైన చెప్పిన తీగలోనే ఏసీ పారిస్తే ఒక్కో తోపుకు ఎలక్ట్రాన్లు జరిగేది సుమారుగా తలవెంట్రుక మందంలో వందో వంతు. ఎక్కడికీ పోవు, ఉన్నచోటే ఊగుతాయి. పెద్ద దుంగను ఇద్దరు చెరో వైపు పట్టుకుని రంపంతో కోయడం చూశావా? రంపం అటూ ఇటూ ఆడుతుందే తప్ప ఎక్కడికీ ప్రయాణం కట్టదు. దుంగ మాత్రం తెగుతుంది. ఏసీలో ఎనర్జీ అందడం అలాగే.

నాన్నగారి మాటకు వద్దాం. ఆయన గమనించింది నిజం, పేరు మాత్రం వోల్టేజీ అని ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీ వీధి చివరికి పోను రాను తీగ రెసిస్టెన్స్, అంటే ప్రవాహాన్ని అడ్డుకునే గుణం, ఒక ఓం అనుకో, లెక్క సులువు కోసం ఇళ్లన్నీ చివరే ఉన్నాయనుకో. మధ్యాహ్నం అంతా కలిపి 5 ఆంపియర్లు వాడితే, ఓం సూత్రం ప్రకారం (ఆంపియర్లను ఓంలతో గుణిస్తే వోల్టులు) 5 వోల్టులు తీగలోనే పోతాయి. 230లో మీకు 225 అందుతుంది. సాయంత్రం ఏడింటికి ప్రతి ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, టీవీ, ఎవరో మోటారు కూడా వేశారు, 30 ఆంపియర్లు అయింది. ఇప్పుడు 30 వోల్టులు తీగలోనే పోయి మీకు 200 మిగులుతుంది. గమనించావా, తీగలో ప్రవాహం పెరిగింది కాబట్టే మీకు వోల్టేజీ తగ్గింది. ‘కరెంటు తక్కువొస్తోంది’ అన్న మాటకు పూర్తిగా ఎదురు. 200 వోల్టుల దగ్గర 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె 756 వాట్లే ఇస్తుంది, ఎందుకంటే పవర్ వోల్టేజీ స్క్వేర్ మీద ఆధారపడుతుంది. తీగలో మాత్రం 900 వాట్లు ఊరికే వేడిగా పోతోంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గర ఉన్న ఇళ్లకు ఈ బాధ ఎందుకు ఉండదో ఇక నువ్వే చెప్పగలవు.

ఇక అయస్కాంతం. దీన్ని చదివేముందు చేత్తో చెయ్యి. ఇంటి ప్లగ్గుల జోలికి వెళ్లకు, ఒక టార్చి సెల్లు చాలు.

కుట్టు సూదిని ఏదైనా అయస్కాంతం మీద ఒకే వైపుకు ఓ ముప్పై సార్లు రుద్దు. ప్లాస్టిక్ గిన్నెలో నీళ్లు పోసి, చిన్న ఆకు ముక్క తేల్చి, దాని మీద సూదిని పడుకోబెట్టు. కాసేపు ఊగిసలాడి ఉత్తర దక్షిణాలకు నిలుస్తుంది. మళ్లీ మళ్లీ కదిపి చూడు, మళ్లీ అక్కడికే వస్తుంది. సూది ఏ కొస ఉత్తరానికి ఉందో గుర్తు పెట్టుకో. ఇప్పుడు ఒక రాగి తీగను సూదికి సరిగ్గా పైన, సెంటీమీటరు ఎత్తులో, సూది పడుకున్న దిక్కులోనే పట్టుకో. తీగ రెండు చివరలూ సెల్లుకు ఒక్క రెండు సెకన్లు తాకించి తీసెయ్యి. ఎక్కువసేపు పెడితే తీగ వేళ్లకు వేడి తగులుతుంది, సెల్లూ పాడవుతుంది.

సూది పక్కకు తిరుగుతుంది. తీగ దాన్ని తనవైపు లాక్కోలేదు, తోసెయ్యనూ లేదు, అడ్డంగా తిప్పింది. నిదానంగా చూడాల్సింది ఇక్కడే. 1820లో కోపెన్‌హాగన్‌లో అయిర్‌స్టెడ్ అనే శాస్త్రవేత్త చూసింది ఇదే. అప్పటిదాకా తెలిసిన బలాలన్నీ దగ్గరికి లాగేవి, లేదా దూరంగా నెట్టేవి. ఇది పక్కకు తిప్పే బలం. సెల్లును తిరగేసి పెట్టు, సూది రెండో వైపుకు తిరుగుతుంది. తీగను గిన్నె అడుగున పెట్టు, మళ్లీ దిక్కు మారుతుంది. పైన ఒక వైపుకూ కింద దానికి ఎదురు వైపుకూ తిప్పుతోందంటే, ఆ అయస్కాంత క్షేత్రం తీగ చుట్టూ గాజులా చుట్టుకుని ఉందన్నమాట. సెంటీమీటరు దూరంలో 2 ఆంపియర్ల ప్రవాహం కలిగించే క్షేత్రం 40 మైక్రోటెస్లాలు (అయస్కాంత క్షేత్రానికి కొలత). మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం నేలకు సమాంతరంగా లాగే బలం కూడా ఇంచుమించు అంతే. రెండూ సమానమై, ఒకదానికొకటి అడ్డంగా ఉంటే సూది ఎక్కడ ఆగాలి? 45 డిగ్రీల దగ్గర. నీ వేలెడు తీగ భూమి అయస్కాంతంతో సమానంగా లాగుతోంది, ఎంత గొప్ప సంగతో చూడు.

కుడిచెయ్యి సూత్రం ఎందుకో ఇప్పుడు అడగక్కర్లేదు. గాజు ఏ వైపుకు తిరిగి ఉందో చెప్పడానికి ఒక గుర్తు కావాలి, అంతే. కుడి బొటనవేలు ప్రవాహం వైపు పెట్టి తీగను పట్టుకున్నట్టు ఊహించుకో, మిగతా వేళ్లు క్షేత్రం దిక్కు. ప్రవాహం దక్షిణం నుంచి ఉత్తరానికి, తీగ సూది పైన, అయితే ఉత్తర కొస పడమరకు తిరగాలి. చేసి సరిచూసుకో. మోటారుకు ఎడమచెయ్యి, జనరేటరుకు కుడిచెయ్యి అని రెండు సూత్రాలు కంఠతా పట్టడం నాకు మొదటి నుంచీ నచ్చదు, పరీక్ష హాల్లో ఏ చెయ్యి దేనికో తారుమారవుతుంది. క్యూ వి క్రాస్ బి (క్యూ చార్జి, వి వేగం, బి క్షేత్రం) ఒక్కటే పట్టుకో, ఎప్పుడూ కుడిచెయ్యే. కుడి వేళ్లను వేగం వైపు చాపి, అక్కణ్ణుంచి క్షేత్రం వైపు ముడువు, బొటనవేలు బలం దిక్కు. ఎలక్ట్రాన్ అయితే దిక్కు తిరగెయ్యి. మోటారూ జనరేటరూ రెండూ దీంతోనే వస్తాయి.

నిలబడ్డ చార్జి చుట్టూ విద్యుత్ క్షేత్రం ఉంటుంది. అదే చార్జి నడిస్తే అయస్కాంత క్షేత్రం కూడా తోడవుతుంది. అందుకే ఈ పాఠాలు పక్కపక్కన పెట్టారు. ఎవరికైనా వెంటనే తట్టేది తిరుగు ప్రశ్న: కరెంటు అయస్కాంతాన్ని పుట్టిస్తే, అయస్కాంతం కరెంటును పుట్టించదా? దాని జవాబు దొరకడానికి 11 ఏళ్లు పట్టింది. 1831 ఆగస్టు 29న ఫారడే అనే శాస్త్రవేత్త ఒక ఇనుప రింగుకు రెండు తీగచుట్లు చుట్టి, ఒకదాన్ని బ్యాటరీకి కలిపాడు. రెండో చుట్టుకు కలిపిన సూది ఒక్కసారి ఉలిక్కిపడి మళ్లీ నిలిచిపోయింది. బ్యాటరీ తీసేసినప్పుడు ఇంకోసారి ఉలిక్కిపడింది, ఈసారి ఎదురు దిక్కుకు. మధ్యలో ప్రవాహం నిలకడగా ఉన్నంతసేపూ ఏమీ లేదు. అయస్కాంతం ఉంటే చాలదు, మారాలి. నీ పుస్తకంలో డిఫై బై డిటి అన్న గుర్తులో ఉన్నది ఈ మారడమే. (ఆగస్టు 29 నువ్వు మరిచిపోలేని తేదీ. మీ పక్కనే పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది అదే తేదీన. మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని ఆయన పోరాడబట్టే ఆ రోజును తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం.)

లెంజ్ సూత్రం, అంటే డిఫై బై డిటి ముందు ఉండే ఆ మైనస్ గుర్తు, నాకు రాసిన పిల్లలందరికీ బెంగే. ఎయిర్ కండిషనర్లు బిగించే షాపులో మూరెడు రాగి గొట్టం ముక్క, అందులో దూరే చిన్న గట్టి అయస్కాంతం సంపాదించు. రాగిని అయస్కాంతం అంటుకోదు, ముందు అది చూసుకో. గొట్టాన్ని నిలువుగా పట్టి పైనుంచి ఒక గులకరాయి వెయ్యి, రెప్పపాటులో కింద పడుతుంది. ఇప్పుడు అయస్కాంతం వెయ్యి. పడిపోయిందేమో అని కింద చెయ్యి పెట్టి ఎదురుచూస్తావు, అదేమో తీరిగ్గా తేనెలో జారినట్టు దిగి వస్తుంది. కిందికి దిగుతున్న అయస్కాంతం వల్ల గొట్టంలో క్షేత్రం మారుతోంది, అందువల్ల రాగిలో గుండ్రంగా ప్రవాహాలు పుడుతున్నాయి, వాటి అయస్కాంత క్షేత్రం ఈ అయస్కాంతాన్ని పడనివ్వకుండా అడ్డుకుంటోంది. మైనస్ గుర్తంటే ఆ అడ్డుకోవడమే. అడ్డుకోకుండా సాయం చేసి ఉంటే? అయస్కాంతం ఇంకా వేగంగా, ఇంకా ఎక్కువ కరెంటుతో, ఖర్చు లేకుండా ఎనర్జీ పుట్టుకొచ్చేది. అలా జరగదు.

కోరాపుట్ జిల్లాలో మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రం ఉంది చూడు, 1955 నుంచి ఆంధ్రా, ఒడిశా కలిసి నడుపుకుంటున్నది. జలాపుట్ డ్యామ్ నుంచి వచ్చిన నీళ్లు టర్బైన్లను తిప్పుతాయి, టర్బైన్ అయస్కాంతాన్ని తీగచుట్ల మధ్య తిప్పుతుంది. నీ గొట్టంలో జరిగిన పనే. మనం లైట్లు ఎక్కువ వేస్తే ఆ తీగచుట్లలో ప్రవాహం పెరిగి అయస్కాంతాన్ని ఇంకా గట్టిగా అడ్డుకుంటుంది, దాన్ని తిప్పడానికి ఇంకా నీళ్లు వదలాలి. మీ ఇంటికి వచ్చేది సరిగ్గా అక్కడిదే అని చెప్పలేం, గ్రిడ్డులో అన్నీ కలిసిపోతాయి. కానీ మీ బిల్లులోని జౌళ్లు ఇలాంటి చోటే ఎవరో తోస్తే పుట్టినవి.

వోల్టేజీని పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ ఫారడే రింగే, మారే ప్రవాహం లేకపోతే పని చెయ్యదు, అందుకే ఏసీ. దాని అవసరం ఎంతో ఒక్క లెక్కలో తెలుస్తుంది. 10 కిలోవాట్లను ఒక ఓం తీగలో పంపాలి. 230 వోల్టుల దగ్గర పంపితే 43.5 ఆంపియర్లు, ఐ స్క్వేర్ ఆర్ (ప్రవాహం స్క్వేర్ ఇంటూ రెసిస్టెన్స్) కింద సుమారు 1,890 వాట్లు తీగకే పోతాయి. అదే 11,000 వోల్టుల దగ్గర అయితే 0.9 ఆంపియరు, పోయేది ఒక వాట్ కూడా కాదు.

పరీక్షకు నాదొక్కటే సలహా. ప్రతి సూత్రం కింద అది ఏం చెబుతోందో ఒక వాక్యం తెలుగులోనో ఒడియాలోనో నీ సొంత మాటల్లో రాసుకో, ఆ తర్వాతే ఇంగ్లీషులో రాయి. వాక్యం రాయలేకపోతే ఆ సూత్రం ఇంకా అర్థం కాలేదని లెక్క. 60 వాట్ల, 100 వాట్ల ఫిలమెంటు బల్బుల్ని సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి, కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుందని అడుగుతారు. బెల్టును గుర్తు తెచ్చుకో, సిరీస్‌లో వేగం రెండిటికీ ఒకటే, రెసిస్టెన్స్ ఎక్కువున్న చోటే వోల్టేజీ ఎక్కువ పడుతుంది. 60 వాట్లది 882 ఓంలు, 100 వాట్లది 529. జవాబు నువ్వే రాయి.

నాన్నగారికి కూడా ఒక మాట. ఎలక్ట్రీషియన్ చేత మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఏడున్నరకు ఒకసారి మీ ఇంట్లో వోల్టేజీ కొలిపించమను. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఇంట్లో కూడా అదే టైముకు కొలిపించి, నాలుగు అంకెలూ తేదీతో సహా విద్యుత్ ఆఫీసులో రాసిమ్మను. ‘కరెంటు తక్కువొస్తోంది’ అని రాస్తే వాళ్లకు ఏమీ తెలియదు. చివరింటికి వచ్చేసరికి ఇన్ని వోల్టులు పడిపోతున్నాయని రాస్తే, తీగ మందం పెంచాలా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి తేవాలా అన్నది వాళ్లకే తెలుస్తుంది. ఆ కాగితం నువ్వే రాసిపెట్టు. సూది ఎటు తిరిగిందో నాకు ఉత్తరం రాయి, సెల్లు ఏ కొస ఎటుందో కూడా చెప్పు.